దేవుడి డబ్బా

మొన్న మస్కట్‌లో మా అబ్బాయి ఇంటికి వెళ్ళినప్పుడు హాలు మధ్యలో ఒక పెద్ద అట్టపెట్టె కనబడింది. మా మనవరాలు దాని పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని, తీర్పు చెప్పే పెద్దమనిషి ముఖం పెట్టుకుని, ఒక్కో వస్తువునీ పైకెత్తి విచారణ చేస్తోంది. చెయ్యి విరిగిన బొమ్మ పెట్టెలోకి. మూత పోయిన నీళ్ళ సీసా పెట్టెలోకి. పొట్టయిపోయిన గౌను పెట్టెలోకి. మెత్తటి కుందేలు బొమ్మ మాత్రం చాలాసేపు అటూ ఇటూ తిరిగి చివరికి దాని ఒళ్ళోకే చేరింది. లేనివాళ్ళకి ఇవ్వడానికి ఇంట్లో సామాన్లు తీసిపెట్టమని స్కూల్లో చెప్పారట. ఎవరికిస్తారే ఇవన్నీ అన్నాను. వాళ్ళకి నానమ్మా, అంది. వాళ్ళంటే ఎవరే అంటే, ఇంత తెలివితక్కువ ప్రశ్న వేసిన మనిషిని మొదటిసారి చూస్తున్నట్టు చూసి, వ్యాన్ వస్తుంది, వ్యాన్ వాళ్ళకి తెలుసు అని మళ్ళీ విచారణలో పడిపోయింది. నాకు నవ్వొచ్చింది. మా తమ్ముడు బాబిగాడు గుర్తొచ్చాడు. ఇదే దేశంలో, సోహార్‌లో, దానధర్మాలు వాడి చేతికి అప్పగించి మా ఇంటిల్లిపాదీ పడ్డ అవస్థ గుర్తొచ్చింది.

సోహార్ అంటే ఇప్పటివాళ్ళకి ఓడరేవు, ఫ్యాక్టరీలు, కంపెనీ బస్సులు. మా చిన్నప్పుడు సోహార్ అంటే సముద్రం, ఖర్జూరపు తోటలు, నిమ్మతోటలు, ఒక చిన్న బజారు, అమ్మానాన్నలు పనిచేసే ఆసుపత్రి. అమ్మ నర్సు. నాన్న ఎక్స్‌రేలు తీసేవారు. ఆసుపత్రి వెనకాల క్వార్టర్స్‌లో మా ఇల్లు. నీళ్ళు ట్యాంకరు మీద వచ్చేవి, కరెంటు జనరేటరు పుణ్యమా అని సాయంత్రాలు వచ్చేది. మా ఇంటికి మూడు వాసనలుండేవి. వాకిట్లో బీచి వైపు నుంచి వచ్చే ఎండుచేపల వాసన, హాల్లో అమ్మ యూనిఫాంకి అంటుకొచ్చిన మందునీళ్ళ వాసన, వంటింట్లో అమ్మమ్మ పెట్టే చింతపండు పులుసు వాసన. మూడూ కలిసిన చోట, అంటే భోజనాల చాప దగ్గర, ఏ వాసన గెలిచేదో ఆ రోజు గాలిని బట్టి ఉండేది.

అమ్మానాన్నలిద్దరికీ డ్యూటీలు కాబట్టి మమ్మల్ని చూసుకోవడానికి అమ్మమ్మ నరసాపురం పక్కనున్న మా ఊరి నుంచి బొంబాయి వచ్చి ఓడెక్కింది. ఓడలో మిగతావాళ్ళు వాంతులతో మంచం పడితే తను మాత్రం ట్రంకుపెట్టె మీద కూర్చుని దానికి కాపలా కాసిందట. అందులో ఆవకాయ జాడీ, బైబిలు, పాటల పుస్తకం, రెండు అట్లకాడలు, ఒక ఇత్తడి మరచెంబు ఉన్నాయి. మరచెంబంటే ఇప్పటి పిల్లలకి తెలియదు. బిగించే మూత ఉన్న చెంబు, ప్రయాణాల్లో నీళ్ళు ఒలకవు, ఆ మూతలోనే పోసుకుని తాగొచ్చు. అమ్మమ్మ అల్లుడుగారి ఎదురుగా కుర్చీలో కూర్చునేది కాదు. నాన్నతో ఏదైనా చెప్పాలంటే మాకు చెప్పేది, నాన్న ఆ పక్కనే ఉన్నా సరే. "మీ నాన్నగారిని ఇంకాస్త పులుసు పోసుకోమను" అనేది, గరిటె నాన్న కంచం మీదే పట్టుకుని. నాన్న కూడా పాపం, "మీ అమ్మమ్మగారితో చాలని చెప్పమ్మా" అని మాతోనే జవాబు పంపించేవారు.

ఇక మా ఆదివారం శుక్రవారం నాడొచ్చేది. ఆ దేశంలో సెలవు ఆ రోజే కాబట్టి ఉన్న నాలుగు తెలుగు కుటుంబాలూ మా హాల్లో చేరి ప్రార్థన చేసుకునేవాళ్ళం. అమ్మమ్మకి ఇది మింగుడు పడలేదు. శుక్రవారం నాడు అందరితో పాటు కూర్చునేది గానీ మళ్ళీ ఆదివారం పొద్దున్నే తలంటుకుని, తెల్లచీర కట్టుకుని, ఖాళీ హాల్లో ఒక్కతే కూర్చుని పాటలన్నీ చరణం వదలకుండా పాడుకునేది. వారానికి రెండు ఆదివారాలు చేసుకున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఒక్క వస్తువు పారేసేది కాదు కూడా. పాలపొడి డబ్బాలు, పార్శిళ్ళకి కట్టొచ్చిన తాళ్ళు, చిరిగిన యూనిఫాం బొత్తాలు, గోధుమపిండి సంచులు, అన్నీ ఉతికి, తుడిచి, మంచం కింద పెట్టేది. ఎందుకమ్మా అంటే ఉండనీ అనేది. ఆ ఒక్క మాటకి ఎదురు లేదు.

ఇంత పొదుపు మనిషీ ఒక్క దగ్గర మాత్రం చెయ్యి వదిలేసేది. మా ఊళ్ళో అన్నం వండే ప్రతి పూటా ఎసట్లో బియ్యం పోసేముందు అందులోంచి ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేసేవారు. అది దేవుడి బియ్యం. ఆదివారం ఆడవాళ్ళంతా ఆ బియ్యాన్ని చర్చికి తీసుకెళ్ళి ఇచ్చేవాళ్ళు, అక్కడి నుంచి అది లేనివాళ్ళ ఇళ్ళకి వెళ్ళేది. సోహార్‌లో చర్చి లేదు, అడిగేవాళ్ళు లేరు. అయినా అమ్మమ్మ పెద్ద నూనె డబ్బా ఒకటి సంపాదించి, పైన రేకు కోయించి, వంటింటి మూల పెట్టి గుప్పెడు బియ్యం మొదలుపెట్టింది. డబ్బా నిండుతోంది, తీసుకునేవాళ్ళు లేరు. పురుగు పట్టకుండా ఎండుమిరపకాయలు వేసేది. పాతబడితే ఆ బియ్యం మాకు వండేసి, కొలిచి అంతకంత కొత్త బియ్యం అందులో పోసేది. ఎప్పుడో ఒకసారి మస్కట్ నుంచి మలయాళీ పాస్టరుగారొకాయన వచ్చేవారు. ఆయన్ని చెయ్యి పట్టుకుని డబ్బా దగ్గరికి తీసుకెళ్తే, ఆయన చూసి నవ్వి, ఇక్కడే ఎవరికైనా ఇవ్వండమ్మా అన్నారు. నాన్న అనువదించారు. ఎవరికైనా అంటే ఎవరికి అని అమ్మమ్మకి పెద్ద దిగులు పట్టుకుంది.

అమ్మమ్మ వేళ్ళు కీళ్ళవాతంతో ముడుచుకోవు కాబట్టి ఆ గుప్పెడు తీసే పని మాకు వచ్చింది. పొద్దున నాది, సాయంత్రం బాబిది. బాబి అసలు పేరు ఇమ్మానుయేలు, ఆ పేరుతో పిలిస్తే పలికేవాడు కాదు. అప్పుడప్పుడే పళ్ళూడుతున్న వయసు. నా గుప్పిట పెద్దదని, దేవుడి దగ్గర నాకు మార్కులెక్కువ పడుతున్నాయని వాడికి అనుమానం వచ్చింది. రెండు చేతులతో తీయడం మొదలుపెట్టాడు. దారిలో సగం ఒలికేది, చీమలకి పండగ. అయినా నాతో సరితూగడం లేదనిపించి ఒకరోజు బియ్యంతో పాటు ఒక ఉల్లిపాయ కూడా వేశాడు. అమ్మమ్మ చూసి మురిసిపోయింది. బియ్యానికి ఉల్లిపాయ జత చేసే బుద్ధి ఎవరికొస్తుంది అని వచ్చిన వాళ్ళందరికీ చెప్పింది. అక్కడే వచ్చింది చిక్కంతా.

వాడికి తోచిన న్యాయం చాలా సూటిది. బియ్యంలో దేవుడికి వాటా ఉన్నప్పుడు మిగతావాటిలో ఎందుకుండదు? ఇంట్లో ఏది రెండుంటే అందులో ఒకటి దేవుడిది. అంతే. రెండు సబ్బులుంటే ఒకటి వెళ్ళింది. అమ్మమ్మ అట్లకాడల్లో ఒకటి వెళ్ళింది. నాన్న మేజోళ్ళలో ఒకటి వెళ్ళింది. నా నీలం రిబ్బన్లలో ఒకటి కనబడక ఇల్లంతా వెతికితే బియ్యంలోంచి తోక పైకి పెట్టి కనబడింది. నేను లాక్కోబోతే అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుంది. డబ్బాలో పడ్డది పడ్డట్టే, తీయకూడదు అంది. నేను ఒక జడకి రిబ్బను కట్టుకుని, రెండో జడకి పార్శిలు తాడు కట్టుకుని బడికెళ్ళాను. నాన్న కాలికో రంగు మేజోడుతో ఎక్స్‌రే గదిలో తిరిగారు. ఆ గది చీకటిది కాబట్టి గుట్టు దాగింది.

అమ్మ దగ్గరికి వచ్చేసరికి దాగలేదు. ఒక పొద్దున అమ్మ డ్యూటీకి తయారై చూస్తే తెల్లబూట్లలో ఒకటే ఉంది. మేట్రన్ ఇంగ్లీషావిడ, గోళ్ళు కూడా తిప్పి చూసే మనిషి. అమ్మ మంచాల కిందా, తలుపుల వెనకా వెతుకుతుంటే బాబి ఉప్మా తింటూ, "నీది దేవుడి దగ్గరుంది" అన్నాడు నింపాదిగా. అమ్మ డబ్బా దగ్గరికి పరుగెత్తింది. అమ్మమ్మ అడ్డం నిలబడింది. తీర్పు చెప్పింది. ఒంటి బూటు ఎవరు తొడుక్కుంటారు, ఎవరి కాలికి పనికొస్తుంది, కాబట్టి రెండోది కూడా వేసెయ్యమంది. అమ్మకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. కొత్తవి మస్కట్ నుంచి రావాలి. చివరికి నాన్న తెల్ల కాన్వాసు బూట్లలో దూది కుక్కుకుని, బాతులా నడుస్తూ డ్యూటీకి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ, "నీకు ప్రాణమైన వస్తువు పడినప్పుడు చూస్తానమ్మా" అని మాత్రం అంది.

ఆ చలికాలంలోనే కొండల మీద వాన పడింది. మాకు చినుకు రాలలేదు గానీ సోహార్ పక్కనున్న సహం దగ్గర ఎప్పుడూ ఎండిపోయి ఉండే వాదీ, అంటే వాగు, ఒక్కసారిగా ఒళ్ళు విరుచుకుని వచ్చింది. రోడ్డు వేయడానికి వచ్చిన కూలీల రేకుల షెడ్లు ఆ ఒడ్డునే ఉండేవి. మనుషులు పరుగెత్తి రోడ్డు కట్ట ఎక్కారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. వండుకునే గిన్నెలు, దుప్పట్లు, పెట్టెలు సముద్రం పాలయ్యాయి. జ్వరాలతో కొంతమంది ఆసుపత్రికి వస్తే, వార్డులో అమ్మ చెవిని "సలి వెడ్తుందమ్మా" అన్న మాట పడింది. కరీంనగర్, జగిత్యాల దిక్కు వాళ్ళట. కంపెనీ గుడారాలు ఇచ్చింది గానీ గిన్నెలు ఇంకా రాలేదట. అమ్మ ఇంటికొచ్చి ఈ సంగతి చెబుతుండగానే అమ్మమ్మ కూరగాయల కత్తిపీట పక్కన పెట్టి లేచి నిలబడింది. పాస్టరుగారు చెప్పిన ఆ ఎవరికైనా అంటే వీళ్ళకే అంది. అంత సంతోషం ఆవిడ ముఖంలో ఓడ దిగిన రోజు కూడా చూడలేదని నాన్న తర్వాత అనేవారు.

నాన్న ఆసుపత్రిలో పక్కన పడేసిన చక్రాల కుర్చీ ఒకటి అడిగి తెచ్చారు. నేనూ బాబీ దాన్ని తోసుకుంటూ క్వార్టర్స్ అంతా తిరిగాం. మలయాళీ నర్సులు, పాకిస్తానీ కాంపౌండరుగారు, పక్కింటి ఒమానీ ఆవిడ, ఎవరి తలుపు కొట్టినా ఏదో ఒకటి చేతిలో పెట్టారు. గిన్నెలూ దుప్పట్లూ కుర్చీలో పేర్చి, పడిపోకుండా వాటి పైన బాబిని కూర్చోబెట్టి నేను తోసేదాన్ని. వాడు ఊరేగింపులో ఉన్నట్టు అందరికీ చెయ్యూపేవాడు. ఒక ఇంట్లో మాత్రం, మీకు రెండు కుక్కర్లున్నాయి కదా ఆంటీ అని వంటింట్లోకి తొంగిచూశాడు. వాడి న్యాయం ఊరి మీద పడకుండా నేను కుర్చీ గబగబా తోసుకొచ్చేశాను.

ఇదంతా జరుగుతుండగా అమ్మమ్మ మరచెంబు కనబడలేదు. అది మా ఇంట్లో అన్ని వస్తువుల్లాంటిది కాదు. అమ్మమ్మ తలగడ పక్కనే ఉండేది, నీళ్ళు దాంట్లోనివే తాగేది. చింతపండు దండగని బజారులో దొరికే నల్లటి ఎండు నిమ్మకాయలు నానబెట్టి వాటితో తోమేది. అది తాతయ్య చెంబని అమ్మ మాకు చెప్పింది. తాతయ్య పోయిన దగ్గర్నుంచీ అమ్మమ్మ దాన్ని పక్కలోంచి తీయలేదట. మేం ఆడుకుంటూ దాన్ని తన్నినా, ఇంకో వస్తువుకి అరిచినట్టు అరిచేది కాదు, గబుక్కున తీసి కొంగుతో తుడుచుకునేది. అది కనబడకపోయేసరికి అమ్మమ్మ స్టీలు గ్లాసుతో నీళ్ళు తాగి, సగం వదిలేసింది.

శుక్రవారం పొద్దున ప్రార్థన అయ్యాక సంచుల్లోకి ఎత్తడానికి నాన్న డబ్బా బోర్లించారు. బియ్యం, ఉల్లిపాయలు, మేజోడు, నా రిబ్బను, బూట్లు, అన్నిటికీ చివర మరచెంబు దొర్లుకుంటూ వచ్చి అమ్మమ్మ కాళ్ళ దగ్గర ఆగింది. మేమందరం బాబి వైపు చూశాం. బాబికి మాత్రం ఏమీ అర్థం కాలేదు. ఇంట్లో ఇంకో చెంబుంది కదా, బాత్రూంలో, అన్నాడు. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, నాన్న కాన్వాసు బూట్లతో. తన మాట నెగ్గిందని ఆ నిమిషాన ఎగతాళి చేసి ఉండొచ్చు. చెయ్యలేదు. దగ్గరికొచ్చి అమ్మమ్మ భుజం మీద చెయ్యి వేసింది.

"అది తీసేసుకోమ్మా. పిల్లాడు తెలియక వేశాడు."

అమ్మమ్మ వంగి చెంబు తీసింది. కొంగుతో తుడిచింది. తర్వాత అమ్మ కాళ్ళ వైపు చూసింది.

"మరి నీ బూట్లు తెలిసి వేశాడా?"

నాన్న గొంతు సవరించుకుని, చెంబుకి బదులు కొత్త స్టీలు క్యాను ఇద్దామని మీ అమ్మమ్మగారితో చెప్పండర్రా అన్నారు. అమ్మమ్మ ఆ రాయబారం వినిపించుకోనట్టే వంటింట్లోకి వెళ్ళి, నానిన నిమ్మకాయ తీసుకుని, చెంబుని మూత మరల్లో కూడా మురికి లేకుండా తోమింది. తోముతున్నంతసేపూ ఆవిడ పెదవులు కదులుతూనే ఉన్నాయి. నేను గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాను. ఒక్క మాట, తీసుకో అమ్మమ్మా అని అందామనుకున్నాను. కానీ తన తీర్పు తను తప్పితే రేపటి నుంచి ఆ డబ్బాకి విలువేముంటుందో ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు. నా రిబ్బను ముందే పోయింది మరి.

పక్కింటి ఒమానీ ఆయన పికప్ ఇచ్చాడు. నాన్న నడిపారు. అల్లుడుగారి పక్కన కూర్చోవడమేమిటని అమ్మమ్మ ముందు సీటు వద్దంది. అమ్మమ్మ, అమ్మ, నేను, బాబి, గిన్నెలు, బియ్యం, అందరం వెనకాలే కూర్చుని దుమ్ము తింటూ సహం వైపు వెళ్ళాం. గుడారాల దగ్గర మనుషులు లేచి నిలబడ్డారు గానీ ఎవరూ ముందుకు రాలేదు. ఆడవాళ్ళూ పిల్లలూ దిగడం చూసి సిగ్గుపడ్డారు. చివరికి మల్లయ్య అనే పెద్దమనిషి, ఆసుపత్రిలో అమ్మ చూసిన మనిషే, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని వచ్చాడు. వద్దని చెప్పడానికే వచ్చాడు.

"మేం పని చేసుకోనికొచ్చినోళ్ళం అవ్వా. గిట్ల తీస్కునుడు మాకు మంచిగనిపిస్తలేదు."

అమ్మమ్మ డబ్బా కింద దింపించి దాని మీద చెయ్యి వేసి నిలబడింది. "తీసుకోకపోతే నన్నేం చెయ్యమంటావు నాయనా? ఇది దేవుడి డబ్బా. ఒకసారి ఇందులో పడ్డాక మా ఇంట్లో ఉంచుకోడానికి లేదు. నాకు చేటు తేకు."

మల్లయ్య ఆ డబ్బా వైపు, మా వైపు చూసి నవ్వేశాడు. ఆ తర్వాత అంతా సులువైపోయింది. నేనూ బాబీ ఒక్కొక్కటీ అందిస్తుంటే వాళ్ళు అందుకున్నారు. అమ్మ బూట్లు చిన్న పాదాలున్న ఒకాయనకి సరిగ్గా పట్టాయి. ఆయన అక్కడే తొడుక్కుని నాలుగడుగులు వేసి చూపించాడు, మిగతావాళ్ళు ఆయన్ని సిస్టరమ్మా అని పిలవడం మొదలుపెట్టారు. తర్వాత చాలా రోజులు ఆయన ఆ నర్సు బూట్లతోనే తారు పోశాడని విన్నాం. ఒంటి మేజోడుని ఒకాయన టీ వడగట్టడానికి తీసుకున్నాడు, నాన్న ముఖం పక్కకి తిప్పుకున్నారు. నా రిబ్బను ఒకాయన మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఊళ్ళో కూతురుందట. నాకు దాని మీద ఉన్న కోపమంతా అప్పుడే పోయింది.

అన్నిటికన్నా చివర మరచెంబు. అమ్మమ్మ దాన్ని బాబి చేతికిచ్చి ఇవ్వమంది. ఖాళీగా ఇవ్వకూడదని ముందే మా ఇంటి నీళ్ళు నింపి మూత బిగించింది. మల్లయ్య అందుకుని దాని మెరుపు చూసి వెనక్కి చాపాడు. ఇది మీరు రోజూ తాగే చెంబులాగుంది, మీకుండాలి గద అన్నాడు. ఎండలో పని నీది, నీడపట్టున కూర్చునేదాన్ని నాకు ఏ గ్లాసైతే ఏం అంది అమ్మమ్మ. ఆయన మూత విప్పి, ఆ మూతలో నీళ్ళు పోసి, మొదట అమ్మమ్మకే ఇచ్చాడు. అమ్మమ్మ ఎత్తి పోసుకుని తాగి, మూత కొంగుతో తుడిచి తిరిగి ఇచ్చేసింది. నాకు ఏడుపొచ్చింది. అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

మా మనవరాలి అట్టపెట్టెకి నేను వంక పెట్టడం లేదు. ఆ వ్యాన్ మా చక్రాల కుర్చీ కన్నా ఎక్కువమందికే సాయం చేస్తుంది, అందులో సందేహం లేదు. ఇంత పెద్ద ఊళ్ళో, ఇన్ని అంతస్తుల మధ్య, ఎవరికి ఏది కావాలో పిల్లకెలా తెలుస్తుంది? కాకపోతే ఆ పెట్టె వెళ్ళిపోయిన మర్నాడు ఆ ఇంట్లో ఎవరికీ ఏదీ వెతుక్కోవలసిన అవసరం రాలేదు. మా ఇంట్లో ఒక్కసారి ఇస్తే చాలు, నెలరోజులు వెతుక్కునేవాళ్ళం. ఎవరికిచ్చామో తెలిసేది, పోయిన వస్తువు ఎవరి కాలికో జేబులోనో ఉందని తెలిసేది. నిజం చెప్పాలంటే నాకు మా పిచ్చి ఇల్లే ఇష్టం. ఆ పెట్టెని వ్యాన్‌లోకి ఎక్కిస్తుంటే బాల్కనీలో నిలబడి చూస్తూ, తిరుగు ప్రయాణంలో పికప్ వెనకాల జరిగిన సంగతి తలుచుకున్నాను.

ఖాళీ డబ్బా మా మధ్యలో గణగణమంటోంది. బాబి చాలాసేపు అమ్మమ్మ ముఖంలోకే చూస్తూ కూర్చున్నాడు. చేసిన పని ఏమిటో వాడికి అప్పటికి అందినట్టుంది. చివరికి చిన్న గొంతుతో అడిగాడు, అమ్మమ్మా, ఇంక నీకు తాతయ్యది ఏదీ మిగల్లేదు కదా అని.

అమ్మమ్మ వాడి వైపు తిరిగింది. "తాతయ్య చెంబేంట్రా, అది నా చెంబు. మా అమ్మ పెట్టింది." తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. భుజాలు కదిలేలా నవ్వింది. "మీ తాతయ్య ఇంట్లో ఒక్క సామాను నిలవనిచ్చారుట్రా? మంచాలిచ్చేశారు, గిన్నెలిచ్చేశారు, వానలో గొడుగు ఎవరికో ఇచ్చి తడుస్తూ వచ్చారు. ఆయనున్నన్నాళ్ళూ కంటబడకుండా దాచుకున్నది ఆ చెంబొక్కటే. పోయాకే బయటికి తీశాను. తోమినప్పుడల్లా చెప్పేదాన్ని, చూశారా, ఇదొక్కటి మీ చేతికి దొరకలేదు అని."

అమ్మ ఆశ్చర్యంగా చూస్తోంది. కన్నతల్లి సంగతి ఆవిడకీ అప్పుడే తెలిసింది. అమ్మమ్మ బాబిని దగ్గరికి లాక్కుని, వాడి తల మీద దుమ్ము దులిపి, ఆ ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని కాసేపు చూసింది.

"గెలిచారు పొండి" అంది, తాతయ్యతో.